పత్తి చేను మూలకు ఎర్రగుడ్డ: ఒక గొర్రెల ఇంటి కేస్ స్టడీ

సెప్టెంబర్ రెండో వారం. సాయంత్రం ఆరున్నరకు మా పశువుల ఆస్పత్రికి తాళం వేస్తుంటే ఫోన్ మోగింది. వరంగల్ దగ్గర పాకాల వైపు ఒక ఊళ్లో నాకు పదేళ్లుగా తెలిసిన కురుమ కుటుంబం. "మేడం, గొర్లు నురగలు కక్కుతున్నయ్. నాలుగు పోయినయ్, ఇంకో ఏడు పడ్డయ్," అంది ఆ ఇంటి కోడలు. వానాకాలం కదా, ముందు, గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుక రోగమేమో అనుకున్నాను. కానీ ఎండాకాలం చివర్లో ఆ మందకు టీకా వేసింది నేనే. "కన్ను తెరిచి చూడమ్మా, నల్లగుడ్డు ఎట్లుంది?" అని అడిగాను. గొర్రె కంటిపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పట్టీలా ఉంటుంది. టార్చి వేసి చూసి చెప్పింది: "దారమంత సన్నగుంది మేడం."

ఇక అనుమానం లేదు. పురుగుమందు.

ఈ కేసులో ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వైద్యం వరకే అయితే అర పేజీలో అయిపోయే కేసు ఇది. తర్వాత ఏడాదికి పైగా ఆ ఇంటికి వెళ్లి వస్తూ నేను తెలుసుకున్నది, నేను తప్పు చేసింది కూడా రాయాలని మొదలుపెట్టాను.

ఆ రాత్రి

నేను వెళ్లేసరికి ఏడు నలభై. కొట్టం ముందు ఏడు గొర్రెలు పక్కకు ఒరిగి ఉన్నాయి. నోటి వెంట తీగలుగా చొంగ, కళ్ల వెంట నీళ్లు, తోక కింద నీళ్ల విరేచనం, తొడల కండరాలు అదురుతున్నాయి. ఊపిరి తీస్తుంటే గురక. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందుల విషానికి పుస్తకంలో రాసినవన్నీ ఒకే చోట కనిపించాయి.

దీనికి మందు అట్రోపిన్. గొర్రెకు కిలో బరువుకు సుమారు అర మిల్లీగ్రాము, అందులో నాలుగో వంతు నరానికి, మిగతాది చర్మం కింద. లెక్క సులువే. ఆంపుల్ దగ్గరికి వస్తేనే చిక్కు. మా దగ్గర ఉండే ఆంపుల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. 24 కిలోల గొర్రెకు 12 మిల్లీగ్రాములు కావాలి, అంటే ఇరవై ఆంపుల్స్. ఏడింటికి నూట నలభై. నా బ్యాగులో ఉన్నవి యాభై. వస్తూ వస్తూ మండల కేంద్రంలో ఒక మెడికల్ షాపు తీయించి ఇంకో నలభై తెచ్చాను. ఈ విషానికి అట్రోపిన్‌తోపాటు ఇచ్చే ఇంకో విరుగుడు, పామ్ ఇంజెక్షన్, ఆ రాత్రి ఎక్కడా దొరకలేదు.

తొంభై ఆంపుల్స్, ఏడు గొర్రెలు. ఎక్కువ గురక ఉన్న మూడింటికి పూర్తి మోతాదు, మిగతా నాలుగింటికి చొంగ ఆగేంత వరకే అని నిర్ణయించుకున్నాను. కోడలు కొంగు చుట్టుకుని ఆంపుల్స్ మెడలు విరుస్తోంది, నేను సిరంజిలోకి లాగుతున్నాను. ముప్పై దాటాక ఆమె బొటనవేలు తెగింది. కొంగుకు రక్తం తుడుచుకుని మళ్లీ విరిచింది. అత్తమ్మ నీళ్లు కాచి తెచ్చింది. యాక్టివేటెడ్ చార్‌కోల్ నీళ్లలో కలిపి సీసాతో తాగించాం. కొడుకు టార్చి పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాట లేదు. పెద్దాయన గొంగడి కప్పుకుని చచ్చిన నాలుగు గొర్రెల దగ్గర కూర్చున్నాడు, లేవలేదు.

పదకొండింటికి చొంగ తగ్గింది. రాత్రి రెండు గంటలకు మళ్లీ ఒక డోసు. తెల్లవారేసరికి ఒకటి పోయింది, ఆరు నిలబడ్డాయి. ఆ ఆరింటిలో ఒక చూడి గొర్రె పది రోజులకు ఈసుకుపోయింది. అప్పటి సంత ధర ప్రకారం ఐదు గొర్రెల నష్టం దగ్గర దగ్గర యాభై వేలు.

విషం ఎక్కడిది

పొద్దున్నే మంద నడిచిన దారి వెంట నేనూ నడిచాను. వాళ్లకు ఐదెకరాలు. చెరువు కింద రెండెకరాల వరి, పైన మూడెకరాల చెల్కలో పత్తి. పత్తి చేను గట్టు మీద గడ్డి మోకాలెత్తు ఉంది. కొరికిన ఆనవాళ్లు కొంచెమే. అసలు సంగతి చేను మూలన కాలువలో తేలింది. అక్కడ రెండు బిందెలంత నీళ్లు, పాలలా తెల్లగా. పక్కన మూత లేని లీటరు డబ్బా.

ముందు రోజు కొడుకు తైవాన్ పంపుతో పత్తికి మందు కొట్టాడు. రసం పీల్చే పురుగుకు ఒకటి, కాయతొలుచు పురుగుకు ఇంకొకటి, షాపతను చెప్పినట్టు కలిపి. పని అయ్యాక డ్రమ్ము కడిగి కాలువలో పారబోశాడు. మరునాడు మధ్యాహ్నం ఎండకు మంద ఆ కాలువ దగ్గర ఆగింది. ముందు నడిచే గొర్రెలు తాగాయి, వెనకవి మిగిలాయి.

నమూనాలు పంపితే రిపోర్టు ఆరు వారాలకు వచ్చింది. అనుకున్నదే.

చచ్చినవాటిని గుట్ట వెనక పారేద్దామన్నాడు కొడుకు. నేను ఒప్పుకోలేదు. ఆ పేగులు తిన్న కుక్క చస్తుంది, గద్ద చస్తుంది. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్పించాను. గుంట తవ్వుతున్నప్పుడే పెద్దాయన మొదటిసారి నోరు విప్పాడు: "ఎన్కట గీ గుంతలెక్కడియి బిడ్డా. పసురం సస్తే ఊరవతల పడేస్తే, మొగులు మీదికెళ్లి రాబందులు దిగుతుండె. పొద్దుగూకేసరికి బొక్కలే. ఇప్పుడు కుక్కలు తింటున్నయ్. సచ్చిందాన్ని తిన్న కుక్కలు బతికిన పిల్లల మీదికొస్తున్నయ్."

ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. నేను 2001లో ఉద్యోగంలో చేరాను. మొదటి ఐదేళ్లు జ్వరమన్నా, కుంటు అన్నా, పొదుగువాపు అన్నా డైక్లోఫెనాక్ సూదే వేశాను. ఆ మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడవుతున్నాయని 2004లో బయటపడింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. ఇప్పుడు మెలాక్సికామ్ వాడుతున్నాం, దానితో రాబందులకు భయం లేదు. ఉత్తర తెలంగాణలో రాబందుల గూళ్లు చూడాలంటే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట దాకా పోవాల్సి వచ్చింది. కొడుకు కాలువలో పారబోసిన డ్రమ్ముకూ, నేను వేసిన సూదికీ తేడా ఏమిటని ఆ గుంట గట్టున నిలబడి ఆలోచించాను. అతనికి ఫలితం ఒక్కరోజులో కనిపించింది, నాకు కనిపించడానికి ఏళ్లు పట్టింది. అంతే.

ఇంటి లెక్కలు

మొదట్లో నా రోగనిర్ధారణ 'అవగాహన లోపం'. మా శాఖలో సగం ఫైళ్లలో ఉండే మాట ఇది. రెండో వారం మందుల వాడకం మీద కాగితాలు పట్టుకుని వెళ్లి కొడుక్కి గంటసేపు చెప్పాను. ఓపికగా విన్నాడు. చివర్లో, "మేడం, గా మందు విషమని నాకు తెల్వదా? కొట్టిన రోజు నేనే అన్నం దినలేను," అన్నాడు. నిజమే, అతనికి తెలియని ముక్క ఒక్కటీ నేను చెప్పలేదు.

మరి తెలిసీ ఎందుకైంది? దానికి ఆ ఇల్లు ఎట్లా నడుస్తుందో చూడాలి.

తెల్లవారుజామున నాలుగున్నరకు అత్తాకోడళ్లు లేస్తారు. మూడు ముర్రా బర్రెలు. పెండ తీయడం, పాలు పిండడం, ఆరున్నరకల్లా కోడలు పాలకేంద్రానికి పోయి రావడం. పాల పైసలు ఆమె చేతిలోనే ఉంటాయి. గురుకులంలో తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఖర్చు అందులోంచే. గొర్రెలు పెద్దాయనవి. అమ్మడం, కొనడం, ఎప్పుడు ఎటు తోలాలన్నది ఆయన ఇష్టం. పత్తి, వరి కొడుకువి. పెట్టుబడి, అప్పు, ఎనుమాముల మార్కెట్టులో దిగిన రేటు అన్నీ అతని తలలో. ఒకే కప్పు కింద మూడు వ్యాపారాలన్నమాట. ఎవరి లెక్క వారిది, ఇంకొకరు వేలు పెడితే ఊరుకోరు.

ఇందులో కొడుకు ఎప్పుడు మందు కొడతాడో తండ్రికి చెప్పే అలవాటు లేదు. తండ్రి మందను ఎటు తోలుతాడో కొడుకు అడగడు. రెండేళ్ల కింద మిర్చికి అప్పు చేయొద్దని తండ్రి అన్నాడట, కొడుకు చేశాడు, ఆ ఏడు రేటు పడిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్య మాటలు కోడలి నోటి నుంచే. గొర్రెలు చచ్చిన రోజు ఆమె డ్వాక్రా మీటింగుకు పోయింది. కబురు ఆగిపోయింది.

అవగాహన లోపం కొట్టేసి కేసు షీట్‌లో 'ఇంట్లో మాట లేదు' అని రాసుకున్నాను.

"పర్యావరణం" అంటే

మూడోసారి వెళ్లినప్పుడు నేనే ఆ మాట ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. పెద్దాయన గొంగడి దులిపి లేచి నిలబడ్డాడు. "పర్యావరణం అంటే మాకు ఐదొందల జుర్మానా," అన్నాడు.

కథ ఇది. ఊరి పక్కన కంచె, అంటే ఊరుమ్మడి మేత భూమి, ఉంది. తాతల నుంచీ జీవాలు మేసింది అక్కడే. 2015లో హరితహారం మొదలైంది, రాష్ట్రంలో పచ్చదనం 24 శాతం నుంచి 33కు చేర్చాలన్నది లక్ష్యం. 2017లో గొర్రెల పంపిణీ మొదలైంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. ఈ ఇంటికీ ఒక యూనిట్ వచ్చింది, మంద అరవై దాటింది. అదే కంచెలో మొక్కలు నాటి చుట్టూ కందకం తవ్వారు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద చర్య. ఇంక కార్యదర్శి జీవాలను రానిస్తాడా? ఒకనాడు ఇంట్లో ఉన్న ఆరు మేకల్లో రెండు కందకం దూకాయి. రసీదు ఇంకా ఆయన దగ్గర ఉంది, ప్లాస్టిక్ కవర్లో.

"ఒక చేత్తోని గొర్లిచ్చిండ్రు, ఇంకో చేత్తోని మేసే జాగ తీసుకున్నరు. రెండు చేతులూ ఒక్క సర్కారువే కదా బిడ్డా?"

ఈ ప్రశ్న గొర్రెలు పంచేటప్పుడు మా శాఖలో మేమే అడగాల్సింది. మేత ఎక్కడ అని ఫారంలో గడి కూడా ఉండేది. 'గ్రామ కంచె' అని నేనే చాలా ఫారాలు నింపాను.

చెట్ల మీద ఆయనకు పగ లేదు. దొడ్డి చుట్టూ వేప, తుమ్మ ఆయన పెంచినవే. ఎండాకాలం తుమ్మకాయ రాలిందంటే మందకు పండుగ. నాటించినవాటిలో టేకు, నీలగిరి జీవాలు ముట్టవు. "జీవం తినని చెట్టు నాకెందుకు" అన్నది ఆయన లెక్క.

కొడుకు దారి వేరు. వరి కోశాక కొయ్యలు కాల్చొద్దంటే అతనికి కోపం. "ఢిల్లీల పొగొస్తే మా రెండెకరాల మీద పడుతరేంది మేడం? హార్వెస్టర్ ఒచ్చినంక గడ్డి చెదిరిపాయె. దాన్ని ఎత్తేటందుకు కూలోళ్లేరి?" జనగామ జిల్లా ఏనెబావిలో ఊరంతా పురుగుమందు మానేసిన సంగతి అతనికి తెలుసు, ఒకసారి చూసి కూడా వచ్చాడు. "గక్కడ ఊరంత ఒక్క మాట మీదున్నరు. నేనొక్కన్ని మానేస్తే పక్క చేన్ల పురుగంతా నా చేన్లకే ఒస్తది." పురుగు విషయంలో అది పూర్తిగా నిజం కాదనుకుంటాను, కానీ అప్పు నెత్తి మీదున్న మనిషిని అతని మూడెకరాలతో ప్రయోగం చేయమనడానికి నాకు నోరు రాలేదు.

2006 నాటి సంగతీ బయటికొచ్చింది. ఆ ఏడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి ఏరేసిన చేలలో మేసిన గొర్రెలు చాలా చచ్చాయి. బీటీ ఆకు తినే పోయాయన్నారు కాపరులు. కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఊళ్లు తిరిగి నివేదికలు రాశాయి, ఢిల్లీలోని అనుమతుల కమిటీ ఒప్పుకోలేదు. "అప్పుడూ సీసాలల్ల నెత్తురు తీస్కపోయిన్రు. ఏమైందో ఇయ్యాల్టికీ మాకు చెప్పినోడు లేడు," అన్నాడు పెద్దాయన. మా మాట మీద నమ్మకం ఎందుకు తక్కువో నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ఈసారి రిపోర్టు రాగానే జిరాక్స్ తీసి పట్టుకెళ్లి చదివి వినిపించాను.

అత్తాకోడళ్లను పర్యావరణం గురించి అడిగిన అధికారి అప్పటివరకూ లేడు, నాతో సహా. కోడలు అడగకుండానే చెప్పింది: "బతుకమ్మకు గునుగు పువ్వు కొనుక్కొస్తున్నం మేడం, వరంగల్ పోయి. మా చేన్ల గట్ల మీద కోసుకున్నంత ఉంటుండె." గట్లకు గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక గునుగు, దానితోపాటు గడ్డీ పోయాయి. పత్తి గట్టు ఒక్కటి మిగలడానికి కారణం ఆమే, తంగేడు, గునుగు కోసం ఆ ఒక్క గట్టుకు కొట్టనీయలేదు. మంద అటు రావడానికి ఆ గడ్డే కారణమన్న సంగతి ఆమెకు తెలుసు. ఆ మాట అంటూ తెగిన బొటనవేలు చూసుకుంది.

ఏం చేశాం

పర్యావరణం అన్న మాట ఇక ఆ ఇంట్లో వాడలేదు. మొదట క్యాలెండర్ పెట్టాం. మందు కొట్టిన రోజు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి, పదిహేను రోజుల దాకా అటు మంద పోకూడదు. నెల తిరగకముందే అది పనిచేయలేదు. పెద్దాయనకు చదువు రాదు, పైగా క్యాలెండర్ ఇంట్లో గోడకు, ఆయన పొద్దున ఏడింటికి పోతే సాయంత్రమే రాక. దాన్ని కోడలు సరిచేసింది. పాత ఎర్ర చీర చింపి, కట్టెకు కట్టి చేను మూలన పాతమంది. మందు కొట్టినవాడు పాతాలి, గడువు తీరాక వాడే పీకాలి. డ్రమ్ము కడిగిన నీళ్లు కాలువలో కాదు, అదే చేనులోకి. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

కొయ్యల విషయంలో పొగ గురించి మాట్లాడలేదు. బర్రెల గడ్డి లెక్క తీశాం. ఎండాకాలంలో గడ్డి కొనడానికి పాల పైసల్లోంచి కోడలు పెట్టిన ఖర్చు పదకొండు వేలు. బేలర్‌తో కట్టలు కట్టిస్తే కట్టకు ముప్పై ఐదు రూపాయలు, రెండెకరాలకు డెబ్భై కట్టలు. లెక్క కాగితం మీద పడగానే కోడలు మొగుడి వంక చూసింది. నవంబర్‌లో కట్టలు ఇంటికొచ్చాయి. యాసంగి కోతకు మాత్రం అకాల వాన పడి గడ్డి తడిసింది, బేలర్ రాలేదు, కొడుకు కాల్చేశాడు. ఆ సాయంత్రం నేను ఆ దారినే పోతున్నాను. నన్ను చూసి అతను అటు తిరిగాడు, నేనూ బండి ఆపలేదు.

ఎండాకాలంలో మందను పదిహేను రాత్రులు సొంత చెల్కలోనే పెట్టారు. అంతకుముందు పెద్దాయన వేరే రైతుల పొలాల్లో పైసలకు మంద పెట్టేవాడు, కొడుకేమో డీఏపీ కొనేవాడు. ఒకే ఇంట్లో ఎరువు అమ్మేవాడొకడు, కొనేవాడొకడు! ఆ ఏడు డీఏపీ రెండు బస్తాలు తగ్గింది. రాత్రికి ఇంత అని తండ్రికి కొడుకు పైసలిచ్చాడు, కోడలి చేతుల మీదుగా.

నట్టల మందు విషయం నా తప్పు. వానాకాలంలో ఒకరోజు పెద్దాయన నన్ను కొట్టం వెనక్కి తీసుకెళ్లి పెండ కడిని కట్టెతో తిప్పి చూపించాడు. "ఒక్క పెండ పురుగు లేదు చూడు. ఎన్కట వానలకు రాత్రి పడ్డ పెండ తెల్లారేసరికి సగం మట్టిల కలుస్తుండె." మూడు వారాల కింద ఆ బర్రెలకు ఐవర్‌మెక్టిన్ వేసింది నేనే. ఆ మందు పేడలో వారాల తరబడి మిగిలి పెండ పురుగుల పిల్లలను చంపుతుందని చదివాను, చదివి మరిచిపోయాను. పక్కింటి బర్రెల పెండ తిప్పి చూస్తే పురుగులున్నాయి. దీన్ని పరీక్ష అనలేం, కానీ నాకు చాలు. ఇప్పుడు ఆ ఇంట్లో పేడ పరీక్ష చేశాకే మందు, వీలైనంత వరకు ఫెన్‌బెండజోల్. ఐవర్‌మెక్టిన్ పిడుదులు, గజ్జి ముదిరితేనే.

కంచె సంగతి సగమే తెమిలింది. కార్యదర్శి చిన్న కుర్రాడు, ఉద్యోగం పోతుందని టెన్షన్. అతన్నీ పెద్దాయన్నీ వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. ఎత్తు పెరిగిన పాత మొక్కల వైపు గొర్రెలను రానిస్తామని నోటిమాటగా ఒప్పుకున్నాడు, మేకలను మాత్రం కాదు. కాగితం మీద ఏమీ లేదు. ఆ కుర్రాడు బదిలీ అయితే మళ్లీ మొదటికే. గట్లకు గడ్డిమందు ఆగలేదు. గునుగు ఇప్పటికీ ఆ ఒక్క గట్టు మీదే.

పోయిన అక్టోబర్‌లో పీపీఆర్ (గొర్రెలకు, మేకలకు వచ్చే అంటురోగం) టీకాలకు వెళ్లాను. మంద యాభై తొమ్మిది నుంచి డెబ్భై ఒకటికి పెరిగింది, ఆ ఏడాదిలో విషం కేసు లేదు. టీకాలయ్యాక పెద్దాయన నన్ను పత్తి చేను దాకా నడిపించాడు. మూలన ఎర్రగుడ్డ ఎండకు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. గట్టు మీద గడ్డి నడుమెత్తు పెరిగి ముదిరిపోతోంది.

"మందు కొట్టి నెల దాటింది బిడ్డా. వాడు కట్టె పీకలేదు. పాతింది వాడు, పీకాల్సింది వాడేనాయె. జెర నువ్వు చెప్పరాదూ?"

కొడుకు అక్కడికి నాలుగు సాళ్ల అవతల పత్తి ఏరుతున్నాడు.